ఏలినవారూ, ఓ గాడిదా

పర్మిట్ల రాజ్యాన్ని ఎనభై ఏళ్ల వయసులో ఎకసెక్కమాడిన రాజాజీ. మెడకు బోర్డు కట్టుకుని పార్లమెంటుకు వచ్చిన పీలూ మోడీ. పత్రిక అట్ట మీద గాడిదలకు చోటిచ్చిన చో రామస్వామి. సర్కారును నమ్మకపోవడాన్ని ఒక కళగా సాధన చేసిన మితవాదుల కథ ఇది. వాళ్లు ఎవరి మీద నవ్వారో అందరికీ తెలుసు. ఎవరి మీద నవ్వలేకపోయారన్నదే అసలు సంగతి.

వసుదేవుడంతటివాడు గాడిద కాళ్లు పట్టుకున్నాడని సామెత. ఎందుకు పట్టుకున్నాడని ఈ కాలం పిల్లల్ని అడిగితే తెల్లమొహం వేస్తారు. మా అమ్మమ్మ చెప్పిన కథ ఇది, భాగవతంలో వెతక్కండి. కంసుడు చెరసాల ముందర ఒక గాడిదను కట్టేయించాడట. దేవకికి కాన్పు అయినప్పుడల్లా అది ఓండ్రపెడుతుంది. కావలివాళ్లు నిద్ర లేస్తారు. కంసుడు కత్తి దూసుకుని వస్తాడు. ఎనిమిదో కాన్పు నాటి అర్ధరాత్రి సంకెళ్లు ఊడిపోయాయి, తలుపులు తెరుచుకున్నాయి, యమున కూడా దారివ్వడానికి సిద్ధంగా ఉంది. గాడిద ఒక్కటే మిగిలింది. వసుదేవుడు వంగి దాని కాళ్లు పట్టుకున్నాడు. ఈ ఒక్క రాత్రికి నోరు మూసుకోమని బతిమాలాడు.

చిన్నప్పుడు ఈ కథలో నాకు వసుదేవుడే కనిపించేవాడు. పాతికేళ్లు పత్రికల్లో పనిచేశాక గాడిదే కనిపిస్తోంది. అది రాజుగారి గాడిద. తినే గడ్డి రాజుగారిది. జనం ఇంట్లో చీమ చిటుక్కుమన్నా కోటకు చేరవేయడం దాని ఉద్యోగం. కోటలో ఏం జరిగినా మాత్రం దానికి గొంతు పెగలదు. అలాంటి జంతువును ఇప్పుడేమని పిలవాలో మీ ఇష్టం.

మా ఇంట్లో ఈ సామెత ఆఫీసుకు బయల్దేరే ముందు వాడేవారు. ఏ ఆఫీసుకో చెప్పాలంటే మా అమ్మ పెళ్లి దగ్గర మొదలుపెట్టాలి.

పెళ్లి చక్కెర

1966 వైశాఖంలో మా అమ్మ పెళ్లి. చక్కెర అప్పుడు పూర్తిగా సర్కారు చేతిలో ఉంది. రేషన్ కార్డుకు వచ్చేది ఇంటి కాఫీకే చాలదు. పెళ్లికి కావాలంటే విడిగా పర్మిట్ తెచ్చుకోవాలి. తాతయ్య ముప్పై కిలోలకు అర్జీ పెట్టుకున్నాడు. గుమాస్తా అర్జీని ఇటు తిప్పి, అటు తిప్పి, శుభలేఖ జతచేయమన్నాడు. జతచేశాడు. శుభలేఖ ఎవరైనా అచ్చు వేయించుకోవచ్చు కదండీ, పెళ్లి నిజమేనని కరణం గారి చేత రాయించుకురండి అన్నాడు. కరణం గారు కళ్లజోడు సవరించుకుని, జరగని పెళ్లి జరిగిందని నేనెలా రాస్తానయ్యా, జరిగాక రా, నిమిషంలో రాసిస్తాను అన్నారు.

తాతయ్య మళ్లీ ఆఫీసుకెళ్లి, "బాబూ, పెళ్లికొడుకును తీసుకొచ్చి మీ బల్ల మీద కూర్చోబెడితే సరిపోతుందా?" అని అడిగాడట. గుమాస్తా నవ్వలేదు. పెళ్లికొడుకు వేరే తాలూకావాడైతే అక్కడి కరణం సంతకం కూడా కావాలన్నాడు.

పెళ్లికి లడ్డూలు లేవు. బెల్లం పాకం పట్టిన మిఠాయి వేశారు. బెల్లానికి మా ఊళ్లో పర్మిట్ అడిగినవాడు లేడు. సంతలో కొన్నారు, బండి మీద వేసుకొచ్చారు, అంతే. పదకొండు నెలలు గడిచాక ఒక పోస్టు కవరు వచ్చింది. ఆరు కిలోల చక్కెరకు పర్మిట్. మీద 'వివాహ నిమిత్తం మాత్రమే' అని ముద్ర. మరుసటి రోజు మా అన్నయ్య బారసాల. ఆ చక్కెరతో పరమాన్నం వండేశారు. మా వంశంలో నమోదైన మొట్టమొదటి ఆర్థిక నేరం అదే.

ఇందులో దుర్మార్గుడు ఎవరూ లేడు. చక్కెర అందరికీ సమానంగా అందాలనుకున్న మంత్రి మంచివాడు. దొంగ పెళ్లిళ్లు ఉంటాయని అనుమానించిన గుమాస్తా నిబంధన ప్రకారమే నడిచాడు. అబద్ధం రాయనన్న కరణం గారిని తప్పుపట్టలేం. ఇంతమంది మంచివాళ్లు కలిసి ఒక లడ్డూను పదకొండు నెలలు ఆపగలిగారు. ఈ వింతను చూసి కోపం తెచ్చుకున్నవాళ్లు ఎందరో ఉన్నారు. చూసి నవ్వి, ఆ నవ్వునే ఒక రాజకీయంగా మార్చినవాళ్లు కొందరే. వాళ్లలో పెద్దాయన మనకు బాగా తెలిసినవాడు. అంతగా నచ్చనివాడు కూడా.

ఎనభై ఏళ్ల కుర్రవాడు

'పర్మిట్-లైసెన్స్-కోటా రాజ్' అన్న మాటను దేశం నోటికి అందించింది చక్రవర్తి రాజగోపాలాచారి. గాంధీగారి వియ్యంకుడు, దేశానికి చివరి గవర్నర్ జనరల్, నెహ్రూకు చిరకాల మిత్రుడు. అలాంటి మనిషి 1959లో, ఎనభై ఏళ్లు నిండాక, నెహ్రూ ఆర్థిక విధానాలకు ఎదురుగా స్వతంత్ర పార్టీ పెట్టాడు. ఆ వయసులో మన పెద్దలు వీలునామా రాసుకుంటారు. ఈయన మేనిఫెస్టో రాసుకున్నాడు.

ఆ పార్టీకి తొలి అధ్యక్షుడు మనవాడే. గుంటూరు జిల్లా నిడుబ్రోలు రైతుబిడ్డ, ఆక్స్‌ఫర్డ్‌లో చదివొచ్చిన ఆచార్య ఎన్.జి.రంగా. 1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ ఉమ్మడి సహకార సేద్యానికి తీర్మానం చేసింది. రైతు పొలం రైతు చేతిలో ఉండదేమోనన్న భయంతో రంగా కాంగ్రెస్ నుంచి బయటకు వచ్చేశారు. రాజాజీ ఆ పార్టీ పక్షాన తన మాట చెప్పుకున్న 'స్వరాజ్య' ఆంగ్ల వారపత్రికనూ 1956లో స్థాపించింది తెలుగువాడే. నెల్లూరికి చెందిన ఖాసా సుబ్బారావు. అధికారంలో ఉన్నది మనవాళ్లే అయినా వాళ్ల మాటను ఒకసారి గీరి చూడాలన్నది ఆయన సంపాదకత్వపు పద్ధతి. ఢిల్లీ మీద ఈ మద్రాసు అనుమానం వెనుక తెలుగు నాగలి, తెలుగు కలం రెండూ ఉన్నాయన్నమాట.

రాజాజీ అనుమానం కాగితం మీదిది మాత్రమే కాదు. 1952లో మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రి అయ్యాక కొద్ది వారాలకే ఆహార ధాన్యాల మీద కంట్రోళ్లు, రేషన్ ఎత్తేశాడు. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆ రాష్ట్రంలోనివే. కరువు ముంచుకొస్తుందని సొంత అధికారులే భయపెట్టారు. గాదెల్లో దాగిన ధాన్యం బయటకు వచ్చింది. కేంద్ర ఆహార మంత్రి రఫీ అహ్మద్ కిద్వాయ్ అదే బాట పట్టాడు. రాజ్యం చేయి తీసేస్తే పని జరుగుతుందని నిరూపించే అవకాశం, చేయి వేయగల పదవిలో ఉన్నవాడికి దక్కడం అరుదు. ఆయనకు దక్కింది.

సరే, ఆయన అంటే మనకు ఎందుకు గిట్టదో కూడా చెప్పుకోవాలి. అదే 1952లో అక్టోబరు 19న మద్రాసులో పొట్టి శ్రీరాములు ఆంధ్ర రాష్ట్రం కోసం నిరాహార దీక్షకు కూర్చున్నారు. 58 రోజులు గడిచాయి. డిసెంబరు 15న ప్రాణం పోయింది. ముఖ్యమంత్రి రాజాజీయే. గుమాస్తా బల్ల మీద కాగితం కదలకపోతే ఎకసెక్కమాడిన ఆయన, తన బల్ల మీద కాగితం ఎందుకు కదల్లేదో చెప్పలేకపోయాడు. మరుసటి ఏడాది ప్రాథమిక పాఠశాలల్లో పిల్లలకు పూట బడి చాలు, రెండో పూట తల్లిదండ్రుల వృత్తి నేర్చుకోవాలని ఒక పథకం తెచ్చాడు. కులవృత్తిని పిల్లల నెత్తిన రుద్దడమేనని జనం మండిపడ్డారు. 1954లో పదవి వదులుకోవాల్సి వచ్చింది. ఢిల్లీ పథకాలను భూతద్దం పెట్టి చూసిన కన్ను, తన పథకం దగ్గరికి వచ్చేసరికి మూతపడింది.

ఈ సంగతి గుర్తుంచుకోండి. కథ చివరికి పనికొస్తుంది.

మొరగకు, ఓండ్రపెట్టకు

స్వతంత్ర పార్టీ 1962లో లోక్‌సభకు 18 మందిని పంపింది. 1967లో 44 మంది వచ్చారు, లోక్‌సభలో ప్రతిపక్షాలన్నిటిలోకీ పెద్దది అదే అయింది. మన శాసనసభలో 1962లో 19 స్థానాలు, 1967లో 29. ఆ 44 మందిలో ఒకాయన గుజరాత్‌లోని గోధ్రా నుంచి గెలిచిన పార్సీ పెద్దమనిషి పీలూ మోడీ. వృత్తి భవన నిర్మాణ శిల్పం. పాకిస్థాన్ నేత జుల్ఫికర్ అలీ భుట్టోకు బడినాటి స్నేహితుడు, ఆ స్నేహం మీద పుస్తకం కూడా రాశాడు. మనిషి భారీకాయుడు. తన పొట్ట మీద తానే మొదట జోకు వేసుకునేవాడు కాబట్టి ఎదుటివాడికి ఆ అవకాశం దొరికేది కాదు.

1970ల తొలినాళ్లలో ఇందిరమ్మ ప్రభుత్వానికి ఏ కష్టం వచ్చినా విదేశీ హస్తం కనిపించేది. ధరలు పెరిగితే సీఐఏ, సమ్మె జరిగితే సీఐఏ. ప్రతిపక్షంలో ఉన్నవాళ్లంతా అమెరికా గూఢచారులేనన్న పాట పార్లమెంటులో రోజూ వినపడేది. పీలూ మోడీ ఒకరోజు 'నేను సీఐఏ ఏజెంటును' అని రాసిన బోర్డు మెడలో వేసుకుని తాపీగా సభలోకి వచ్చి కూర్చున్నాడు. వాదన లేదు, ఖండన లేదు. సభాపతి తీసేయమంటే తీసేశాడు. నెలల తరబడి సాగిన ఆరోపణకు ఒక అట్టముక్క సమాధానం చెప్పింది. అబద్ధాన్ని కాదని వాదిస్తే దానికి బలం వస్తుంది. మెడలో వేసుకుని ఊరేగిస్తే గాలి పోతుంది.

పార్లమెంటు పాతకాపులు చెప్పుకునే మరో కథ ఉంది. ఆయన మాట్లాడుతుంటే అధికార పక్ష సభ్యుడొకాయన పదేపదే అడ్డు తగులుతున్నాడట. మొరగడం ఆపమన్నాడు మోడీ. నన్ను కుక్క అంటున్నాడని ఆ సభ్యుడు గగ్గోలు పెట్టాడు. ఆ మాట రికార్డుల నుంచి తీసేయమని సభాధ్యక్షుడి ఆదేశం. సరే అయితే, ఓండ్రపెట్టడం ఆపు అన్నాడు మోడీ. ఆ ఇంగ్లిషు మాట అర్థం తెలియక సభ్యుడు ఊరుకున్నాడట. మాట రికార్డుల్లో ఉండిపోయిందట. నిజమెంతో గానీ, గాడిదను వదిలిపెట్టి మన రాజకీయాల గురించి కథ చెప్పడం కష్టమే.

అట్ట మీది గాడిదలు

అందుకు సాక్ష్యం మద్రాసులోనే ఉంది. 1970 జనవరి 14న, సంక్రాంతి పూట, ఒక కొత్త తమిళ పత్రిక వచ్చింది. పేరు 'తుగ్లక్'. మొదటి సంచిక అట్ట మీద రెండు గాడిదలు మాట్లాడుకుంటున్నాయి. సంపాదకుడు న్యాయవాది, నాటకకర్త, హాస్యనటుడు చో రామస్వామి. గుండు, మందపాటి కళ్లజోడు, ముందుకు పొడుచుకొచ్చిన గుడ్లు. పాఠకుడు ఏమైనా అనేలోపే తన పత్రిక స్థాయి ఇదేనని ఆయనే ఒప్పేసుకున్నాడు.

పేరు ఊరికే పెట్టలేదు. 1968లో ఆయన 'మహమ్మద్ బిన్ తుగ్లక్' అని ఒక నాటకం రాసి ఆడాడు. పద్నాలుగో శతాబ్దపు సుల్తాన్ సమాధిలోంచి ప్రాణాలతో బయటపడ్డాడని దేశం నమ్ముతుంది. ఎన్నికల్లో నిలబడి ప్రధాని కూడా అవుతాడు. భాషల తగవు తీరాలంటే పర్షియన్‌ను జాతీయ భాష చేయడమే మార్గమంటాడు. తన పక్షంలోకి గోడ దూకి వచ్చిన ప్రతివాడినీ ఉప ప్రధానిని చేస్తాడు. హర్యానాలో ఆయారాం, గయారాం అన్న మాట పుట్టి అప్పటికి ఏడాదే. నవ్వుకున్న ప్రేక్షకుడికి అది నాటకమో నిన్నటి పేపరో తేడా తెలిసేది కాదు. 1971లో చో దాన్ని తమిళంలో సినిమాగా తీశాడు. తెలుగులో 1972లో నాగభూషణం తుగ్లక్ వేషం కట్టాడు. 'రక్తకన్నీరు' నాటకంలో ఏ ఊరికి వెళితే ఆ ఊరి రాజకీయాల మీద అప్పటికప్పుడు చురక వేసే నాగభూషణానికి అంతకంటే నప్పే పాత్ర ఏముంటుంది?

అసలు తుగ్లక్‌తో తెలుగువాళ్లకు పాత పరిచయమే. సుల్తాన్ కాకముందు ఉలుగ్ ఖాన్ పేరుతో సైన్యం నడిపి 1323లో ఓరుగల్లును కూల్చింది ఆయనే. కాకతీయ ప్రతాపరుద్రుడి కథ అక్కడితో ముగిసింది. తర్వాత ఢిల్లీ నుంచి దేవగిరికి రాజధాని మార్చాడు. వెండి కొరత తీర్చడానికి ఇత్తడి, రాగి నాణేలు వేసి వెండితో సమానంగా చెల్లుతాయని ఫర్మానా ఇచ్చాడు. ఆలోచన మంచిదే, ఆ కాలానికి అబ్బురమే. అయితే ఇత్తడి ప్రతి ఇంట్లో ఉంది. కంసాలి ప్రతి వీధిలో ఉన్నాడు. ఇల్లిల్లూ టంకశాల అయింది. ఇచ్చిన మాట నిలబెట్టుకోవడానికి సుల్తాన్ దొంగ నాణేలకు కూడా ఖజానా నుంచి వెండి ఇచ్చి, ఇత్తడిని కోటలో గుట్టలు పోయించాడు.

మితవాది చెప్పే పాఠం మొత్తం ఆ గుట్టలో ఉంది. తుగ్లక్ తెలివితక్కువవాడు కాదు, చదువుకున్నవాడు, తర్కం తెలిసినవాడు. తన తెలివి మీద అనుమానం లేకపోవడమే ఆయన జబ్బు. కోటలో కూర్చుని వేసిన లెక్కకు వీధిలోని కంసాలి ఏం చేస్తాడో అందలేదు. తాతయ్య అర్జీ దగ్గరా అదే జరిగింది. పెళ్లి ముందు జరుగుతుందా, సర్టిఫికెట్ ముందు వస్తుందా అన్నది ఢిల్లీ లెక్కలో లేదు. అందుకే ఇప్పటికీ రాజధాని మారినా, నోట్లు మారినా, ఏ పార్టీవాడికైనా నోటికి ముందొచ్చే తిట్టు తుగ్లకే.

నల్ల అట్ట

నవ్వే అలవాటుకు అసలు పరీక్ష 1975 జూన్‌లో వచ్చింది. ఎమర్జెన్సీ. పీలూ మోడీని జైల్లో పెట్టారు. పత్రికలకు సెన్సారు వచ్చింది. 'ఇండియన్ ఎక్స్‌ప్రెస్' సంపాదకీయం జాగాను తెల్లగా వదిలేసింది. 'తుగ్లక్' నల్ల అట్టతో వచ్చింది. 'టైమ్స్ ఆఫ్ ఇండియా'లో చిన్న మరణ ప్రకటన ఒకటి అచ్చయింది. పోయినాయన పేరు డి.ఇ.ఎం. ఓక్రసీ. భార్య టి.రూత్, కొడుకు ఎల్.ఐ.బర్టీ. తోబుట్టువులు ఫెయిత్, హోప్, జస్టీసియా. గబగబా చదివినవాడికి ఎవరో ఆంగ్లో ఇండియన్ కుటుంబం. నిదానంగా చదివినవాడికి డెమోక్రసీ, ట్రూత్, లిబర్టీ. ప్రకటనల విభాగంలో డబ్బు కట్టించుకున్నవాడు ఎవరో గానీ, ఆ రోజుల్లో అంత ధైర్యమైన వార్తను అచ్చు వేయించినవాడు అతనే, తనకే తెలియకుండా.

చో మరో దారి తొక్కాడు. రాజకీయం రాయొద్దన్నారు కదా అని సినిమా సమీక్ష రాశాడు. కొత్త సినిమా కాదు, 1951 నాటి ఎమ్జీఆర్ చిత్రం. పేరు 'సర్వాధికారి'. పాతికేళ్ల కిందటి సినిమా సమీక్షను ఏ సెక్షన్ కింద ఆపాలి? అందులో అధికార దాహం గురించి రాసిన వాక్యాలు దేశాన్ని ఉద్దేశించినవని అధికారి గుర్తిస్తే, ఆ పోలిక తనకూ తట్టిందని ఒప్పుకున్నట్టే. మంచి వ్యంగ్యం ఎప్పుడూ ఇలా సెన్సారువాడి చేతే అతని నెత్తిన టోపీ పెట్టిస్తుంది.

ఇవన్నీ చేసినవాళ్ల దగ్గర డబ్బు లేదు, అధికారం లేదు, సర్క్యులేషన్ కూడా అంతంతే. అయినా ఏలినవారు జోకుకు భయపడ్డారు. విమర్శకు ఫైలు మీద జవాబు రాయవచ్చు, అభ్యంతరాలను ఖండించవచ్చు. జనం నవ్వాక దాన్ని ఏ జీవోతో వెనక్కి తీసుకుంటారు?

అనుమానాలు, ఆకళ్లు

ఇక్కడిదాకా కథ బాగుంది. మా తాతయ్యకైతే ఇంతే చాలు. 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం ఇస్తానని గెలిచినప్పుడు, దానికి ముందే కాంగ్రెస్ ప్రభుత్వం రూపాయి తొంభై పైసలకు బియ్యం మొదలుపెట్టినప్పుడు, తాతయ్య అరుగు మీద కూర్చుని వారం రోజులు నవ్వాడు. 'పది పైసల తేడాతో రాజ్యం మారింది చూశారా' అన్నాడు. ఉచితంగా వచ్చేది ఏదీ ఉచితం కాదనీ, బస్తా మోసేవాడి దగ్గర్నుంచి డీలరు దాకా తలా పిడికెడు తింటారనీ లెక్క చెప్పాడు. లెక్క తప్పేమీ కాదు.

మా వీధి చివర ఇడ్లీలు వేసి అమ్మే ఆవిడ గిన్నె తీసుకుని వెళుతూ ఆగింది. "అయ్యా, మీకు అనుమానాలొస్తాయి. మాకు ఆకళ్లొస్తాయి" అంది. అరుగు మీద ఎవరూ మాట్లాడలేదు. తాతయ్య ఆ మాటను ఆ తర్వాత చాలాసార్లు తనే చెప్పేవాడు, ఓడిపోయిన మనిషి నవ్వుతో.

మితవాద హాస్యానికి ఉన్న కురుపు అక్కడే. అది అరుగు మీద పుట్టింది. స్వతంత్ర పార్టీలో రైతులున్నారు, నిజమే. రాజులు, జమీందార్లు, మిల్లు యజమానులు కూడా దండిగా ఉన్నారు. రాజ్యం అడ్డు తప్పుకుంటే బాగుంటుందని వాళ్లు అనుకోవడంలో వింత లేదు, తప్పుకున్న జాగాలో ముందు నిలబడేది వాళ్లే. బడి, ఆసుపత్రి, రేషన్ షాపు తప్ప రాజ్యాన్ని మరో రూపంలో ఎరగని మనిషికి ఆ జోకు సగమే నవ్వొస్తుంది.

సొంత సిద్ధాంతం కూడా వాళ్ల చేతిలో నిలవలేదు. 1967లో కాంగ్రెస్‌ను ఓడించడానికి రాజాజీ చేయి కలిపింది ఒకనాడు తాను గట్టిగా ఎదిరించిన డీఎంకేతో. ఆ పార్టీ ఎన్నికల వాగ్దానం రూపాయికి మూడు పడుల బియ్యం లక్ష్యం, ఒక పడి ఖాయం. సర్కారు సంతర్పణలను జీవితమంతా వెక్కిరించిన పెద్దాయన ఆ బియ్యం బస్తా మీదే కూర్చుని గెలిచాడు. 1971లో పార్టీ 8 స్థానాలకు పడిపోయింది. రాజాజీ 1972 డిసెంబరులో కన్నుమూశాడు. మిగిలిన పార్టీని 1974లో పీలూ మోడీ చరణ్‌సింగ్ పార్టీలో కలిపేశాడు. తొలి అధ్యక్షుడు రంగా గారు తిరిగి కాంగ్రెస్‌లోకి వెళ్లి 1980, 1984, 1989 ఎన్నికల్లో గుంటూరు నుంచి ఇందిరమ్మ పార్టీ గుర్తు మీదే గెలిచారు. చో కూడా క్రమంగా ఎవరు ఎవరితో కలవాలో చెప్పే పెద్దమనిషి అయ్యాడు. తలుపు బయట నిలబడి నవ్వినవాడిని లోపలికి పిలిచి కాఫీ ఇచ్చాక, అతని నవ్వులో చక్కెర పాలు పెరుగుతుంది. అయినా ఒకటి ఒప్పుకోవాలి. ఏటా సంక్రాంతికి జరిగే 'తుగ్లక్' వార్షికోత్సవంలో పాఠకులు లేచి ఆయన్నే నిలదీసేవారు. జవాబు చెప్పేవాడు.

రాజాజీ విషయంలో గుర్తుంచుకోమన్నది ఇందుకే. అనుమానానికి దిక్కు ఉండకూడదు. ఎదుటివాడి ఫైలు మీద పడిన చూపే మన ఫైలు మీదా పడాలి. వాళ్లంతా తడబడింది అక్కడే. మనమైతే అక్కడే కాపురం పెట్టేశాం.

కుడివైపా, ఎడమవైపా

ఆమధ్య ఒక చానెల్ చర్చకు పిలిచారు. ఏ చానెల్ అన్నది అనవసరం, ఆ రాత్రి ఏ మీట నొక్కినా అదే కనిపించేది. విషయం ఒక రోడ్డు మీద గుంత. నిజంగానే ఒకే ఒక్క గుంత. వానకు నీళ్లు నిండితే ఒక బైకు పడిపోయింది. తెర మీద ఆరు కిటికీలు. అధికార పక్షం ప్రతినిధి ఆ గుంతను గత ప్రభుత్వం తవ్విందన్నాడు. ప్రతిపక్ష ప్రతినిధి తాము తవ్వింది చిన్న గుంత అనీ, దాన్ని ఇంత చేసింది వీళ్లేననీ అన్నాడు. ఇద్దరు విశ్లేషకులు చెరోవైపు సర్దుకున్నారు. కింద ఎర్ర పట్టీలో అక్షరాలు పరుగెడుతున్నాయి. యాంకర్ నా వైపు తిరిగి, "సూటిగా చెప్పండి సార్, ఇది ప్రభుత్వ వైఫల్యమా, ప్రతిపక్షాల కుట్రా?" అన్నాడు.

"గుంత అండీ" అన్నాను. పూడ్చడానికి ఎంత అవుతుందో, ఆ పని ఏ ఇంజినీరు కింద ఉందో, కిందటిసారి బిల్లు ఎవరికి చెల్లించారో కనుక్కుంటే బాగుంటుందని చెప్పబోయాను. బ్రేక్ వచ్చింది. చెవిలో పెట్టిన మిషన్‌లోంచి ఒక కుర్రవాడి గొంతు చాలా మర్యాదగా అంది: "సార్, ఏమీ అనుకోకండి. మీరు ఏదో ఒకవైపు ఉండాలి సార్. మీ కిటికీని కుడివైపు పెట్టాలో ఎడమవైపు పెట్టాలో ఇక్కడ తెలియట్లేదు."

ఆ కుర్రవాడి మీద నాకు కోపం రాలేదు. మా తాతయ్య ముందు కూర్చున్న గుమాస్తా లాంటివాడే అతను. గడిలో పట్టని అర్జీని ఏం చేయాలో అతనికి ఎవరూ చెప్పలేదు. అనుమానించడం ఈ రోజుల్లో తగ్గిందని ఎవరూ అనలేరు. తెల్లారిలేస్తే అనుమానమే, గంటకో కుంభకోణం. అయితే సగం చానెళ్లకు ఒక ప్రభుత్వం మీదే అనుమానం, మిగతా సగానికి ఇంకో ప్రభుత్వం మీదే. ఎన్నికలు రాగానే జీతగాళ్లు మారినట్టు అనుమానాలు గడప మారతాయి. నిన్నటి దాకా ప్రకటనల డబ్బు ఎటు పోతోందో ఆరా తీసినవాడు, ఇవాళ ఆ డబ్బు తనకు రాగానే ఆరా మానేస్తాడు. కంసుడు మారాడు, గడ్డి మోపు మారింది. గాడిద అక్కడే ఉంది.

మితవాది అంటే మితంగా వాదించేవాడని ఎవరైనా అర్థం చెబితే నమ్మే రోజులు కావు. తమను మితవాదులమని చెప్పుకునేవాళ్లు కూడా తమవాళ్లు గద్దెనెక్కగానే రాజ్యం చేతికి ఎంత పొడవుంటే అంత మంచిదంటున్నారు. రాజాజీ ఉంటే వాళ్లకు ఏం పేరు పెట్టేవాడో తెలియదు. పీలూ మోడీ ఉంటే మాత్రం బోర్డు రాయించడానికి అట్టముక్క వెతుక్కునేవాడు. ఇడ్లీలమ్మే ఆవిడ ఉంటే రేషన్ తూకంలో తేడా ఎంతో అడిగేది. ఆవిడకు బియ్యమూ కావాలి, తూకమూ సరిగ్గా ఉండాలి. ఆ రెండూ ఒకేసారి అడిగేవాళ్లకు తెర మీద కిటికీ లేదు.

చర్చ ముగిసి ఇంటికి వెళుతుంటే అమ్మ ఫోన్ చేసింది. ఎనభైకి దగ్గర పడింది, రాత్రి పది దాటితే మెలకువగా ఉండదు.

"చూశానురా. నీ చొక్కా బాగుంది."

"నేను చెప్పింది ఎలా ఉందమ్మా?"

"ఏమో. అందరూ ఒక్కసారే అరుస్తుంటే సౌండ్ తీసేసి చూశాను. ఎవరు ఎవరి మనిషో ఆ మొహాలు చూస్తేనే తెలిసిపోయింది. నీదొక్కడిదే తెలియలేదు."

అది మెప్పో, ఎత్తిపొడుపో అడిగే ధైర్యం చేయలేదు. మంచి మాటే అయి ఉంటుందని నాకొక అనుమానం.